గుర్తుల్లేని ఇసుక దారుల్లో నాయనతో ఒక రోజు

శుక్రవారం

అమ్మా నాయనా మే నెలలో న్యూజెర్సీలోని ఎడిసన్‌కు, మా ఇంటికి వచ్చారు. వచ్చినవాళ్లకు అందరూ చూపించేవన్నీ మేమూ చూపించాం, నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్, బ్రిడ్జ్‌వాటర్ గుడి. నాయన అన్నిచోట్లా చెప్పినట్టు నిలబడి ఫొటోలు దిగాడు. కానీ పొలం గట్టు మీద నిలబడినప్పుడు ఆ ముఖంలో ఉండే కళ ఒక్క ఫొటోలోనూ లేదు. మా ఊరు గిద్దలూరు దగ్గర, నల్లమల అంచున. చిన్నప్పుడు గొడ్లు తోలుకొని, పెద్దయ్యాక తునికాకుకూ కట్టెలకూ ఆ అడవిలో తిరిగిన మనిషి, ఇప్పుడు అరవై ఏడేళ్ల వయసులో ఐదు నెలలుగా అపార్ట్‌మెంట్ చుట్టూ సిమెంటు బాట మీద రౌండ్లు కొడుతున్నాడు. తిరుగు ప్రయాణానికి ఇంక మూడు వారాలు ఉందనగా అడిగాను, "అడవికి పోదామా నాయనా?" అని. "ఈడ యాడుంది అడవి?" అన్నాడు, టీవీ ఆపేసి.

ఉంది. న్యూజెర్సీ అంటే ఇళ్లు, హైవేలు, ఇండియన్ స్టోర్లే అనుకుంటాం గానీ రాష్ట్రం దక్షిణ భాగంలో పైన్‌ల్యాండ్స్ అని దాదాపు 11 లక్షల ఎకరాల ఇసుక నేల ఉంది, 1978లో దాన్ని నేషనల్ రిజర్వ్‌గా ప్రకటించారు. దాని నడుమ వార్టన్ స్టేట్ ఫారెస్ట్, లక్షా ఇరవై వేల ఎకరాల చిల్లర, ఈ రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద ప్రభుత్వ అడవి. మా ఇంటి నుంచి గంటన్నర డ్రైవ్. ఈ అడవి గుండా బటోనా అని పేరున్న ట్రెయిల్ ఉంది, చెట్లకు గులాబీ రంగు గుర్తులు వేసి ఉంటాయి, వాటిని పట్టుకొని నడిస్తే తప్పిపోయేది ఉండదు. నేను రెండుసార్లు వెళ్లాను. అయితే అడవంతా ఇంకో రకం దారులు కూడా ఉన్నాయి, ఇసుక దారులు. బొగ్గు కాల్చేవాళ్లు, కలప కొట్టేవాళ్లు, ఇనుము తవ్వేవాళ్లు బండ్లు నడిపిన దారులు కొన్ని, మంటలు ఆపడానికి ఫైర్ సర్వీసు వాళ్లు దున్నిన గీతలు కొన్ని. వాటికి బోర్డులు ఉండవు, రంగులు ఉండవు. నాయనను తీసుకుపోతే వాటి మీదే తీసుకుపోవాలి అనుకున్నాను. రంగు గుర్తు చూసుకుంటూ నడవడం ఆయనకు సిమెంటు బాట లాగే ఉంటుంది.

రాత్రి సామాను సర్దుకున్నాం. ఇద్దరికీ లేతరంగు ప్యాంట్లు, పొడుగు సాక్సులు, పిడుదులు ఎక్కకుండా బట్టల మీద కొట్టే పెర్మెత్రిన్ స్ప్రే. అక్టోబర్‌లో బాణాలతో జింకల వేట సీజన్ ఉంటుంది, అందుకని ఆరెంజ్ రంగు టోపీలు. ఆరు లీటర్ల నీళ్లు. అమ్మ పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ కట్టింది. ఫోన్‌లో మ్యాప్ సేవ్ చేసుకున్నాను. సేవ్ అయింది అనుకున్నాను, అది రేపటి సంగతి. మా ఆయన, "మామను జాగ్రత్తగా తీసుకురా, నాలుగింటికల్లా మెసేజ్ రాకపోతే నేను ఫారెస్ట్ ఆఫీసుకు ఫోన్ చేస్తా" అన్నాడు. గుర్తుల్లేని దారిలోకి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, ఇంట్లో ఒకరికి ఆ టైమ్ చెప్పి వెళ్లండి.

శనివారం

ఆరున్నరకు బయల్దేరి ఎనిమిది దాటాక బాట్‌స్టో చేరాం. ఇదొక పాత ఊరు, ఇప్పుడు ఎవరూ కాపురం ఉండరు, అలాగే నిలబెట్టి ఉంచారు. 1766లో చార్ల్స్ రీడ్ అనే ఆయన ఇక్కడ ఇనుప కొలిమి పెట్టాడు. ఈ నేలలో కొండలు లేవు, గనులు లేవు, మరి ఇనుము ఎక్కడిదంటే నీళ్లలోంచే. ఇసుకలోని ఇనుము నీళ్లలో కరిగి వాగుల్లోకి వస్తుంది, గాలి తగిలి, బాక్టీరియా వల్ల తుప్పులాగా పేరుకొని, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి రాయి అవుతుంది. దాన్ని తవ్వి, ఈ పైన్ చెట్లతోనే బొగ్గు కాల్చి కరిగించేవాళ్లు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యానికి సరుకు ఇక్కడినుంచి పోయింది. నాయనకు ఇది చెబితే చెరువు గట్టున ఒక రాయి ముక్కను చూసి, ఎర్రగా తుప్పు రంగులో ఉంది, "నీళ్లలో ఇనుము పండించినారా" అన్నాడు. నాకు ఆ మాట బాగా నచ్చింది, నిజంగా పండించడమే, తవ్విన చోట కొన్నేళ్లకు మళ్లీ పేరుకునేదట.

తొమ్మిదికి నడక మొదలుపెట్టాం. ఊరు దాటి ఉత్తరంగా పోయే ఒక ఇసుక దారి పట్టుకున్నాం. బాట్‌స్టో నది మాకు కుడిపక్కన, తూర్పున ఎక్కడో ఉండాలి, ఇక్కడినుంచి కనబడదు. ప్లాన్ చిన్నదే, మూడు నాలుగు మైళ్లు ఉత్తరంగా పోయి, కుడికి తిరిగి నది దగ్గర ఏదో ఒక మలుపులో కూర్చొని తిని, నది వెంబడి వెనక్కి రావడం.

ఇసుక తెల్లగా, పంచదార లాగా ఉంటుంది. ఇక్కడివాళ్లు దాన్ని షుగర్ శాండ్ అనే అంటారు. అడుగు వేస్తే దిగుతుంది, పిక్కలు లాగుతాయి, కారులో వచ్చినవాళ్లు కూరుకుపోతే బయటికి లాగే బండి రావడానికే గంటలు పడుతుంది. నాయన మాత్రం చక్రాల గాడిలో నడవకుండా మధ్యలో ఆకులు పరుచుకున్న మిట్ట మీద నడిచాడు, "ఏటి ఇసకలో నడిచినట్టు నడువు పాపా, మడమ ఆనియ్యబాకు" అన్నాడు. కింద పడి ఉన్న కొమ్మ ఒకటి తీసుకొని చేతికర్ర చేసుకున్నాడు. పాముల గురించి ముందే చెప్పాను, ఇక్కడ టింబర్ రాటిల్‌స్నేక్ ఉంటుంది, అరుదుగానే కనిపిస్తుంది గానీ ఉంటుంది. అందుకని అడుగడుక్కీ కర్రతో నేల మీద కొడుతూ నడిచాడు.

ఆ తరువాత గంటన్నర నా జీవితంలో నేను చాలా ఇష్టంగా దాచుకునే గంటన్నర. ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఇసుకలో జింక గిట్టలు, తల్లీ పిల్లా రెండూ పోయాయి, పిల్ల అటూ ఇటూ దూకింది. ఇవి కోడి లాంటి పెద్ద పక్షివి (అడవి టర్కీ అని నేను చెప్పాను). ఇది ట్రక్కు టైరు, నిన్న పోయింది. నిన్న అని ఎట్లా తెలుసు అంటే వంగి వేలితో గాడి అంచును తాకి చూపించాడు, రాత్రి మంచుకు తడిసి పైన పలుచగా పెచ్చు కట్టి ఉంది, వేలు పెడితే విరిగింది. మా జోళ్ల గుర్తు పక్కనే ఉంది, దానికి పెచ్చు లేదు, అంచు జారిపోతూ ఉంది. నేను ఈ అడవికి రెండుసార్లు వచ్చి చెట్ల మీద రంగులు మాత్రమే చూసి వెళ్లాను.

కొంత దూరం పోయాక చెట్ల మొదళ్లు నల్లగా కాలి కనిపించాయి. 2022 జూన్‌లో ఈ అడవిలో ములికా నది పేరుతో పిలిచిన పెద్ద మంట 13,500 ఎకరాల దాకా కాల్చింది, బాట్‌స్టో ఊరిని కూడా మూసేశారు అప్పుడు. మేము చూసినవి ఆ మంటవేనా, చలికాలంలో ఫైర్ సర్వీసు వాళ్లు కావాలని పెట్టే చిన్న మంటలవా అన్నది చెట్టును చూసి చెప్పడం నావల్ల కాదు. కానీ నాయన ఆగిపోయింది కాలిన నలుపు చూసి కాదు. నల్లటి మాను బెరడులోంచే, కొమ్మ అనేది లేకుండా, పచ్చటి సూదుల్లాంటి ఆకులు కుచ్చులు కుచ్చులుగా మొలిచి ఉన్నాయి. "ఇదేంది, మానుకు వెంట్రుకలు మొలిచినట్టు?" పిచ్ పైన్ అంటారు ఈ చెట్టును. మూడేసి సూదులు ఒక కట్టగా ఉంటాయి. బెరడు చాలా మందం, దాని కింద మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి, పైన అంతా కాలిపోతే అవి లేస్తాయి. కొన్ని చెట్ల కాయలైతే జిగురుతో మూసుకొని ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, మంట వేడికి జిగురు కరిగితేనే విచ్చుకొని గింజలు రాలుస్తాయి. మంట రాకపోతే ఈ అడవి మెల్లగా ఓక్ అడవి అయిపోతుంది. నాయన చాలాసేపు ఆ మాను మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నల్లమలలో ఎండాకాలం రేగే మంటల గురించి, మంట ఆర్పడానికి పచ్చి కొమ్మలు పట్టుకొని పరుగెత్తిన రోజుల గురించి చెప్పాడు. నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు అవి.

పదకొండు దాటాక దారి మూడుగా చీలింది. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు, అది నాకు ముందే తెలుసు. కానీ సేవ్ చేసిన మ్యాప్ కూడా ఈ చీలికకు కొంచెం కిందనే ఆగిపోయి ఉంది, పైన అంతా ఖాళీ బూడిద రంగు, అందులో మా నీలం చుక్క ఒక్కటే. నేను సేవ్ చేసిన మ్యాప్ ముక్క చిన్నదైపోయింది. కాగితం మ్యాప్ తెచ్చుకోలేదు. బాగా నలిగిన దారే సరైన దారి అయి ఉంటుందని నడుమ దారిలో నడిపించాను. అది నా తప్పు, ఇసుక దారుల్లో టైర్లు ఎక్కువ తిరిగిన దారి అంటే ఎక్కడికో పోతుందని కాదు, బండ్లతో ఆడుకోవడానికి వచ్చేవాళ్లు తిరుగుతూ ఉంటారు. ఇరవై నిమిషాలు నడిచాక పెద్ద బురద గుంట, దాని అవతల దారి సన్నబడి మోకాలెత్తు హకిల్‌బెర్రీ పొదల్లోకి పోయింది. నాకు టెన్షన్ మొదలైంది. అరవై ఏడేళ్ల మనిషిని తీసుకొచ్చాను, ఆయనకు షుగర్ ఉంది, ఎటు పోతున్నామో నాకు తెలియదు. ఆ మాట ఆయనకు చెప్పడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

చెప్పగానే ఆయన మొదట చేసిన పని కూర్చోవడం. సంచిలోంచి నీళ్లు తీసి నాకిచ్చాడు. తరువాత, "పొద్దున ఎండ యాడ తగుల్తా ఉండె?" అని అడిగాడు. కుడి చెవి పక్క అన్నాను. "ఇప్పుడు?" ఎడమ పక్క. "పొద్దు ఎంత ఎక్కినా కుడిపక్క నుంచి వీపు మీదికి రావాల గానీ, పన్నెండు గాకముందే ఎడమకు యాడొస్తాది? మనం పడమరకు తిరిగినాం. ఏరు తూర్పున గదా ఉండాది." అంతే. నది వైపు కాకుండా దానికి వీపు పెట్టి నడుస్తున్నాం మేము.

పొదల్లోంచి అడ్డంగా కోసుకుంటూ పోదామా అంటే వద్దన్నాడు, "దారి వదలబాకు, వచ్చిన దారి మనకు తెలిసిన దారి." వెనక్కి చీలిక దాకా వచ్చాం. మిగిలిన రెండిట్లో ఏది అన్నప్పుడు ఆయన గాడి పక్కన గొంతుక్కూర్చొని ఇసుకను చూశాడు. నేను చూస్తే చదునుగానే ఉంది, ఈ ప్రాంతమంతా బల్లపరుపే. కానీ వాన పడినప్పుడు నీళ్లు పారి ఇసుక మీద చిన్న చిన్న అలలు కట్టి ఉన్నాయి, పైన్ సూదులు అన్నీ ఒకే దిక్కుకు కొట్టుకుపోయి కట్ట కట్టుకొని ఆగి ఉన్నాయి. "నీళ్లు ఇట్ట పోతాండాయి. నీళ్లు పోయే తట్టు పోతే ఏరే గదా వచ్చేది." కుడిచేతి దారి పట్టుకున్నాం.

ఆ తరువాత నేనూ చూడటం మొదలుపెట్టాను. ఎండిన ఇసుక మీద పొట్టి ఓక్ చెట్లు ఉన్నంత సేపు ఉన్నాయి, తరువాత తగ్గాయి. బ్లూబెర్రీ పొదలు ఎత్తు పెరిగాయి, ఆకులు ఎర్రబడి ఉన్నాయి. (మనం స్టోర్లో డబ్బాల్లో కొనే బ్లూబెర్రీ పంటగా మారింది ఈ పైన్‌ల్యాండ్స్‌లోనే, వైట్స్‌బాగ్ అనే చోట ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ కలిసి అడవి పొదల్లోంచి మంచివి ఏరి పెంచి 1916లో మొదటి పంట అమ్మారు.) ఇసుక తెలుపు పోయి బూడిద రంగుకు, తరువాత నలుపుకు తిరిగింది. కాలి కింద మెత్తగా స్పాంజి లాంటి నాచు. గాలి చల్లబడింది. ఎదురుగా నిటారుగా, ముదురు పచ్చగా, గోడ కట్టినట్టు చెట్ల వరస, అట్లాంటిక్ వైట్ సెడార్. సెడార్ ఉందంటే నీళ్లున్నట్టే. పన్నెండున్నరకు నది ఒడ్డున ఉన్నాం.

నీళ్లు చూసి నాయన, "ఎవరన్నా డికాషన్ పోసినారా?" అన్నాడు. అచ్చం అదే రంగు. సెడార్ ఆకులు, బెరడు నానితే వచ్చే టానిన్‌లు, దానికి ఇనుము తోడై ఆ రంగు వస్తుంది. మురికి కాదు, దోసిట్లో పట్టుకుంటే అడుగు కనిపిస్తుంది. పాతకాలం ఓడల వాళ్లు ఈ సెడార్ నీళ్లు పీపాల్లో తీసుకెళ్లేవాళ్లని, నెలల తరబడి చెడిపోయేవి కావని ఇక్కడ చెప్పుకుంటారు. మేము తాగలేదు, వడపోయకుండా ఏ వాగు నీళ్లూ తాగకూడదు.

పులిహోర తిన్నాక నాయన కర్రతో ఒడ్డున నేల తవ్వడం మొదలుపెట్టాడు. జానెడు లోతు కూడా పోలేదు, గుంటలో అడుగు నుంచి నీళ్లు ఊరాయి. ఆయన చెయ్యి ఆగిపోయింది. మా పొలంలో నాలుగు బోర్లు వేయించాడు ఈయన. ఆఖరిది ఏడొందల అడుగులు దించితే దుమ్మే లేచింది, ఆ అప్పు తీర్చడానికి నా మొదటి ఏడాది జీతంలో సగం పోయింది. ఆ బోరు బండి రాత్రంతా తవ్వుతూ ఉంటే ఆయన పక్కన నిలబడి దుమ్ము రంగు చూస్తూ ఉండటం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

అప్పుడు చెప్పాను, మనం కూర్చున్న ఇసుక కింద ఎన్ని నీళ్లున్నాయో. కర్క్‌వుడ్-కోహన్సీ అనే భూగర్భ జలాశయం, 17 లక్షల కోట్ల గ్యాలన్లు అని లెక్క చెబుతారు. పడిన వాన పడినట్టే ఇసుకలో ఇంకిపోతుంది, ఈ నది కూడా పైనుంచి వచ్చేది కాదు, ఎక్కువ భాగం ఆ కింది నీళ్లే ఊరి పారుతుంది. ఈ అడవికి పేరు వచ్చిన జోసెఫ్ వార్టన్ ఫిలడెల్ఫియా పారిశ్రామికవేత్త. 1876లో బాట్‌స్టో కొని, చుట్టూ భూములు కొంటూ పోయాడు. ఇక్కడి నీళ్లకు కట్టలు కట్టి పైపుల్లో ఫిలడెల్ఫియాకు తరలించాలని ఆయన ఆలోచన. న్యూజెర్సీ చట్టసభ నీళ్లు రాష్ట్రం దాటకూడదని చట్టం చేసి ఆపేసింది. భూమంతా అలాగే ఒక్క ముక్కగా మిగిలిపోయింది, 1950లలో రాష్ట్రం కొనుక్కొని అడవిగా ఉంచింది.

నాయన ఆ చట్టం సంగతి రెండుసార్లు అడిగాడు. "ఎవరి నీళ్లు వాళ్లకని రాసుకున్నారా?" అని. తరువాత వెలిగొండ ప్రాజెక్టు మాట వచ్చింది. మా తట్టు వాళ్లకు నీళ్ల మాట ఎక్కడ మొదలైనా అక్కడికే వస్తుంది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లు నల్లమల కింద రెండు సొరంగాల్లో, ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైచిలుకు, మా వైపు రావాలి. 1996లో శంకుస్థాపన. నేనప్పుడు బడిలో ఉన్నాను. సొరంగాలు అయితే తొలిచారు, మా పొలంలోకి నీళ్లు రాలేదు. నాయన కోపంగా ఏమీ అనలేదు, గుంటలో ఊరిన నీళ్లను కర్రతో కదుపుతూ కూర్చున్నాడు. కాసేపటికి గుంటను మళ్లీ ఇసుకతో పూడ్చి, పైన నాచు ముక్క పరిచాడు, ఎట్లా ఉన్నది అట్లా.

తిరుగు దారి గురించి రాయడానికి పెద్దగా లేదు. సెడార్ గోడను ఎడమచేతి పక్కన పెట్టుకొని దక్షిణంగా పోయే దారి ఒకటి దొరికింది, అది రెండు గంటల్లో బాట్‌స్టో చెరువు దగ్గర తేల్చింది. మూడుంపావుకు సిగ్నల్ వచ్చింది, మెసేజ్ పెట్టాను. కారెక్కగానే నాయన నిద్రపోయాడు. మొత్తం తొమ్మిది మైళ్లని ఫోన్ చెప్పింది.

ఆదివారం

పొద్దున స్నానానికి పోయిన నాయన మోకాలి వెనక ఏదో దురద అన్నాడు. చూస్తే టిక్, నువ్వుగింజంత, తల లోపల పెట్టేసి ఉంది. రాత్రి వచ్చీరాగానే బట్టలన్నీ డ్రయర్‌లో వేశాం, ఒళ్లంతా చూసుకోమని ఆయనకు చెప్పాను, కానీ మోకాలి వెనక ఆయనకు కనబడదు, నేను చూసి ఉండాల్సింది. "పిడుదే గదా, గొడ్లకు పట్టేదే" అని గోటితో గిల్లబోయాడు. ఆపాను. గిల్లకూడదు, కిరోసిన్ పూయకూడదు, అగ్గిపుల్లతో కాల్చకూడదు. సన్నటి మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలితిప్పకుండా నిటారుగా మెల్లగా లాగాలి. వచ్చేసింది, తలతో సహా. చోటు సబ్బుతో కడిగి, దాన్ని జిప్ కవర్లో వేసి తేదీ రాసి పెట్టాం.

ఈ పక్క జింక టిక్ వల్ల లైమ్ జబ్బు వస్తుంది, కనెక్టికట్‌లో లైమ్ అనే ఊరి పేరు మీద ఆ పేరు. సాధారణంగా ఒక రోజుకు పైగా పట్టుకొని ఉంటేనే అంటుకుంటుంది, నాయనకు ఒక రోజు లోపే. అయినా డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాను. నెల రోజులు ఆ చోట వలయంలాగా ఎర్రగా వస్తుందేమో, జ్వరం, కీళ్ల నొప్పి వస్తాయేమో చూసుకోవాలి. అందులో ఒక వారం ఆయన ఊళ్లో ఉంటాడు, గిద్దలూరులో ఈ జబ్బు పేరు విన్న డాక్టర్ ఉండకపోవచ్చు, అందుకని చీటీ మీద ఇంగ్లీషులో అన్నీ రాసి ఆయన పాస్‌పోర్టులో పెట్టాను.

అమ్మ జోళ్లు బయట దులిపింది. గుప్పెడు తెల్లటి ఇసుక రాలింది.

సాయంత్రం చిన్నాయన ఊరి నుంచి ఫోన్ చేశాడు. కంది పూతకు వచ్చిందని, వాన లేదని, మన బోరు గంట కూడా పోయడం లేదని చెప్పాడు. నాయన నిన్నటి అడవి గురించి మొదలుపెట్టాడు, మంటలో కాలి మానుకే ఆకులు వేసే చెట్టు, డికాషన్ రంగు ఏరు. చిన్నాయన అన్నీ విని ఒక్కటే అడిగాడు, స్పీకర్‌లో మాకందరికీ వినబడింది:

"ఆడ నీళ్లు ఎన్ని అడుగుల్లో పడతాయంట్రా అన్నా?"

"అడుగులు గాదు రా," అన్నాడు నాయన, "కట్టెతో గీకితే."

అవతల చాలాసేపు మాట లేదు. లైను కట్ అయిందేమో అని నాయన ఫోన్ వైపు చూశాడు.